దిగులు అంటే ఏమిటని అడిగే మనిషి కావాలి: సైకాలజిస్టును ఎంచుకోబోయేవాళ్ళకు

మా అనంతపురంలో "నాకు దిగులుగా ఉంది" అంటే భయంగా ఉందని. చీకట్లో ఒంటరిగా పోవాలంటే దిగులు, పామంటే దిగులు. అదే మాట గుంటూరు, తెనాలి వైపు వాళ్ళు అన్నారంటే మనసు కుంగిపోయి ఉందని. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నాకు ఈ తేడా చాలాకాలం తెలియదు. బెంగళూరులో ఎం.ఫిల్. శిక్షణలో ఉండగా కోస్తా నుంచి వచ్చిన ఒకావిడ దిగులు, దిగులు అంటుంటే, ఆమె దేనికి భయపడుతోందో వెతుకుతూ రెండు సిట్టింగులు గడిపేశాను. ఆమె దేనికీ భయపడటం లేదు. కొడుకు పోయాక ఆమెకు దేని మీదా ఆశ మిగల్లేదు. నా నోట్సు చదివి మా సూపర్‌వైజర్ ఒక్కటే అడిగారు: "ఆ మాటకు ఆమె అర్థం ఏమిటో ఆమెను అడిగావా?"

అడగలేదు. మా ఊరి అర్థాన్ని తీసుకెళ్ళి ఆమె నోట్లో పెట్టాను. తెలంగాణ వాళ్ళు బుగులు అంటే అది భయం, రంది అంటే లోపల తొలిచే చింత. బెంగ వేరు, గుబులు వేరు, కంగారు వేరు. ఏది ఏదో తేలకుండా చికిత్స మొదలుపెడితే వేరే ఊరి బస్సెక్కినట్టే. పద్దెనిమిదేళ్ళుగా అనంతపురంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మంచి సైకాలజిస్టును ఎలా పట్టుకోవాలని ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతాను: మీ మాటను మీ చేతే విప్పించే మనిషిని వెతకండి. పది నిమిషాలు వినీ వినకుండానే మీ బాధకు ఇంగ్లీషులో ఒక పేరు తగిలించారంటే తొందరపడ్డారనే అర్థం.

అయితే వినే గుణం ఒక్కటే చాలదు, చదువూ చూడాలి. బోర్డు మీద రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాట్లాడి, పరీక్షలు చేసి సమస్యను అంచనా కట్టడం, థెరపీ చేయడం మా పని. మన దేశంలో ఇందుకు చాలాకాలంగా ఉన్న దారి సైకాలజీలో పీజీ, ఆ పైన రెండేళ్ళ ఎం.ఫిల్. ఆ రెండేళ్ళూ ఆసుపత్రిలోనే, వార్డులో, ఓపీలో, సీనియర్ల కళ్ళ ముందు పని నేర్చుకోవాలి. ఆ శిక్షణను గుర్తించేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, 1992లో వచ్చిన చట్టం కింద ఏర్పడింది. శిక్షణ పూర్తయినవాళ్ళకు అది ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తుంది, మేం సీఆర్‌ఆర్ నంబరు అంటాం. కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. నా నంబరు నా గది తలుపు పక్కనే ఫ్రేము కట్టించి పెట్టాను. అడగడానికి మొహమాటపడకండి. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం కదా, మనసు అప్పగించేటప్పుడు చూడకపోతే ఎలా? పేరు ముందు 'డాక్టర్' అని ఉంటే అది వైద్యం చదివినందుకా, పీహెచ్‌డీ చేసినందుకా అన్నదీ అడగండి. రెండూ గౌరవమైనవే, కానీ రెండూ ఒకటి కాదు.

కౌన్సెలర్లలో నిజంగా మంచివాళ్ళు ఉన్నారు. పరీక్షల ఒత్తిడి, భార్యాభర్తల మధ్య మాట పట్టింపులు లాంటివాటికి వాళ్ళ దగ్గరికే నేను కూడా పంపుతుంటాను. కానీ నాలుగేళ్ళుగా చేతులు కడుక్కుంటూనే ఉన్న మనిషికి, ఇల్లు దాటి బయటికి రాలేని మనిషికి ఆ పని నేర్చుకున్నవాళ్ళే కావాలి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్టు అక్కడ పనికిరాదు.

ఇక కొన్నిటికి నా దగ్గరికి కాదు, ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్ళాలి. రోజుల తరబడి నిద్ర లేకున్నా హుషారుగా తిరుగుతూ చేతికందిన డబ్బంతా ఖర్చు పెడుతుంటే, ఎవరికీ వినబడని మాటలు వినబడుతుంటే, అన్నంలో ఏదో కలిపారని తినడం మానేస్తే, కాన్పయిన తల్లి ఒక్కసారిగా మారిపోతే ఆలస్యం చేయకండి. మందు పట్టాక థెరపీకి రావచ్చు. నీరసం, దిగాలు ఎక్కువగా ఉంటే థైరాయిడ్, రక్తహీనత, బీ12 పరీక్షలు చేయించారా అని మొదటి రోజే అడుగుతాను. థైరాయిడ్ తక్కువైన మనిషికి ఎన్ని సిట్టింగులు చెప్పినా లోటు లోటుగానే ఉంటుంది.

కాన్పు సంగతి ఊరికే రాయలేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా మేనత్త బిడ్డను కన్న నెలకు మాట్లాడటం మానేసింది. తాయెత్తు కట్టించాం, దర్గాకు తీసుకెళ్ళాం, మూడు ఊళ్ళు తిరిగాం. చివరికి ఎవరో చెబితే మా నాయన ధర్మవరం జంక్షన్లో అందరినీ రైలెక్కించి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు తీసుకెళ్ళాడు. నేను పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని బయట చెట్టు కింద కూర్చున్నాను. లోపల ఒకావిడ మా అత్తతో తెలుగులో మాట్లాడుతోంది. వచ్చీరాని తెలుగే, అయినా ఓపిగ్గా అడుగుతోంది. అన్ని నెలల్లో మా అత్తను నీకేమైందని అడిగింది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళమంతా అత్తకు ఏమైందని ఒకరినొకరం అడుక్కున్నాం. నేను ఈ పనిలోకి వచ్చింది అందుకే.

మీరు ఫోన్ చేసినప్పుడు ఫీజు ఒక్కటే అడిగి పెట్టేయకండి. నా సమస్య ఇది, ఇలాంటివాళ్ళను మీరు చూస్తుంటారా? దీనికి ఏ పద్ధతి వాడతారు? ఎన్ని సిట్టింగులు పట్టవచ్చు? తగ్గుతోందని ఎలా తెలుస్తుంది? మధ్యలో ఇబ్బంది అయితే ఎవరికి ఫోన్ చేయాలి? ఇవి అడిగితే విసుక్కునేవాళ్ళను వదిలేయండి. "వచ్చాక చూద్దాం రండి" అంటే తప్పేమీ కాదు, కానీ వెళ్ళాక మొదటి రెండు మూడు సిట్టింగుల్లో జవాబు రావాలి.

నన్ను అడిగితే ఇలా చెబుతాను. భయాలకు, కుంగుబాటుకు నేను ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు రూపం ఇచ్చిన పద్ధతి అది. మనసులో తటాలున మెదిలే తలపు, దాని వెంట వచ్చే బాధ, ఆ బాధలో మనం చేసే పని, ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా పెంచి పోషిస్తున్నాయో చూసి, ఎక్కడో ఒక చోట మార్చడం. వారానికి ఒకసారి, 50 నిమిషాలు, మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నేను కాగితం, పెన్ను తీయను. ఆ కోస్తా ఆవిడతో మూడో సిట్టింగు నుంచి చేసిందల్లా ఆమె కొడుకు బడి కబుర్లు, వాడి క్రికెట్ దెబ్బలు, వాడికి ఇష్టమైన గోంగూర, ఇవన్నీ వినడం. ఎవరు వచ్చినా ఒకే పద్ధతి పట్టుకునేవాళ్ళ దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి.

మొదటి సిట్టింగుకు ఏం తీసుకెళ్ళాలి? పాత చీటీలన్నీ, వాడుతున్న మాత్రల అట్టలు. హోమియో, ఆయుర్వేదం, నిద్రమాత్ర, ఏదీ దాచకండి. దానికంటే ముఖ్యమైనది, ఈ మధ్య జరిగిన ఒక్క సంఘటన. "నాకు ఎప్పుడూ టెన్షనే" అంటే మాకు పట్టుకోవడానికి కొన దొరకదు. "మొన్న మంగళవారం పొద్దున పది గంటలకు బ్యాంకులో వరుసలో నిలబడ్డాను, నా ముందు నలుగురున్నారు, అప్పుడు మొదలైంది" అంటే దొరుకుతుంది. ఎక్కడ, ఎవరు, ఒంట్లో ఏం తెలిసింది, ఏం తలపు వచ్చింది, ఏం చేశారు. పాయింట్లుగా రాసుకుని వచ్చినా సరే, ఫోన్లో మీ గొంతే రికార్డు చేసుకుని వచ్చినా సరే.

మన దగ్గర ఒక మనిషికి బాగోకపోతే నలుగురు వెంట వస్తారు. అది బలమే, నేను కాదనను. కానీ ముందుగా వచ్చిన మనిషితో ఒంటరిగా మాట్లాడతాను, తర్వాత వాళ్ళు ఒప్పుకుంటేనే ఇంటివాళ్ళను పిలుస్తాను. అత్తగారు పక్కన కూర్చుంటే కోడలు ఎంత చెప్పగలదు? అందుకే ఇంటి దగ్గరే చెప్పి బయల్దేరండి: "మొదట నేనొక్కదాన్నే మాట్లాడతాను, తర్వాత మీరు రండి." ఎవరైనా చూస్తారేమోనన్న జంకు చాలామందికి ఉంటుంది. నా గది మెట్లు ఒక కళ్ళజోళ్ళ దుకాణం పక్కనుంచి ఉంటాయి. ఆ జంకు గుర్తుపెట్టుకునే ఆ గది అద్దెకు తీసుకున్నాను.

ఇప్పుడు థెరపీ అంటే లోపల ఏం జరుగుతుందో ఒకటి వివరంగా చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, గుర్తులు మార్చి ముగ్గురు నలుగురివి కలిపాను. ఎరువుల దుకాణం నడుపుకునే మనిషి, నలభై దాటాయి. బెంగళూరు బస్సులో కొడికొండ చెక్‌పోస్టు దాటాక గుండె దడదడలాడింది, చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. ప్రాణం పోతోందనుకుని బాగేపల్లిలో దిగిపోయాడు. మూడుసార్లు ఈసీజీ తీయించాడు, ఎకో తీయించాడు, అన్నీ బాగున్నాయి. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అని సూదులు వేశారు. ఆ తర్వాత బస్సు ఎక్కడం మానేశాడు. తర్వాత పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. చివరికి సొంత దుకాణంలోనే గల్లాపెట్టె వదిలి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

ఆయన "దిగులు మేడం" అన్నాడు. ఈసారి నేను అడిగాను. "పోతాన్నా అనిపిస్తుంది" అన్నాడు. కాగితం మీద ఒక చక్రం గీశాం, అన్నీ ఆయన మాటలతోనే. గుండె కొట్టుకుంది. 'ఆగిపోతుందేమో' అన్న తలపు వచ్చింది. ఆ తలపుకు భయం, భయానికి ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను, దానితో గుండె ఇంకా వేగం. తలపు ఇంకా గట్టిపడింది. బస్సు దిగగానే దడ తగ్గింది. దిగాను కాబట్టి బతికాను అని మెదడు పాఠం రాసుకుంది. దిగకపోయినా బతికేవాడన్నది దానికి తెలిసే అవకాశమే ఇవ్వలేదు.

గుండె డాక్టరు చీటీ మరోసారి చూసుకుని పని మొదలుపెట్టాం. నా గదిలో ఒక నిమిషం నిలబడ్డచోటే పరుగెత్తాం, ఇద్దరమూ. కొబ్బరినీళ్ళ స్ట్రాతో, ముక్కు మూసుకుని, ఊపిరి పీల్చాం. తిరిగే కుర్చీలో గిరగిరా తిరిగాం. బస్సులో వచ్చిన దడ, తల తిరగడం, ఊపిరి అందకపోవడం అన్నీ వచ్చాయి, వాటంతట అవే పోయాయి. తర్వాత మెట్లు రాసుకున్నాం. మొదటి మెట్టు బస్టాండులో అరగంట కూర్చోవడం. తర్వాత రాప్తాడు దాకా బస్సు. తర్వాత పెనుకొండ. తర్వాత కొడికొండ, ఆ తర్వాతే బెంగళూరు. ఒక షరతు: దడ వచ్చినా మధ్యలో దిగకూడదు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక మాత్ర ఉండేది, వేసుకునేవాడు కాదు, తడుముకునేవాడు. పెనుకొండ మెట్టులో దాన్ని ఇంట్లో వదిలి వెళ్ళమన్నాను. ఆ రోజు చాలా కష్టపడ్డాడు. భయం తగ్గాక ఎక్కుతానంటే ఎన్నటికీ ఎక్కలేం, భయం ఉండగానే ఎక్కాలి. తొమ్మిదో వారానికి బెంగళూరు వెళ్ళొచ్చాడు. ఇక్కడ మీరు గమనించాల్సింది, గదిలో గడిచే 50 నిమిషాలు వారంలో చిన్న ముక్క. అసలు పని మిగతా ఆరు రోజులది. ఇంటిపని ఇవ్వని థెరపిస్టును, ఇచ్చి మరుసటి వారం అడగని థెరపిస్టును "నేను ఇంట్లో ఏం చేయాలి?" అని మీరే అడగండి.

చదువు రానివాళ్ళకు ఈ పని కుదరదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఒకామెకు చేతులు, గిన్నెలు కడగడం ఆగేది కాదు. ఇంట్లో మడి అనుకున్నారు, తర్వాత చాదస్తం అనుకున్నారు. నోటుబుక్కు ఇవ్వలేను కాబట్టి చింతగింజలు ఇచ్చాను. కడగాలనిపించి కడగకుండా ఆగిన ప్రతిసారీ ఒక గింజ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. మొదటి వారం నాలుగు గింజలు తెచ్చింది. లెక్కపెట్టి చూపించేటప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మురికి తాకించి కడగనివ్వకుండా ఆపే ఈ పద్ధతిని 1966లోనే విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు రాశారు. వద్దనుకున్నా అదే తలపు, అదే పని మళ్ళీ మళ్ళీ వచ్చే ఇలాంటి జబ్బును ఓసీడీ అంటారు. నేటికీ ఓసీడీకి థెరపీ అంటే మొదట చెప్పేది దాన్నే. ఇందులో ఇంటివాళ్ళ పాత్ర పెద్దది. "శుభ్రంగానే ఉందా?" అని ఆమె రోజుకు ఇరవైసార్లు అడిగేది, భర్త ఇరవైసార్లూ "ఉంది" అనేవాడు. ప్రేమతోనే అనేవాడు, కానీ ఆ జవాబే జబ్బుకు మేత. ఆయనను పిలిచి, ఆమె ముందే, ఆమె ఒప్పుకోలుతోనే, వారానికి కొన్ని జవాబులు తగ్గించాం.

మొదటి రోజే నేను పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపిస్తాను. మొత్తం 27 మార్కులు, పది గానీ అంతకు మించి గానీ వస్తే కుంగుబాటు ఉండొచ్చని జాగ్రత్తగా చూస్తాం. కొన్ని వారాలకోసారి మళ్ళీ నింపితే తగ్గుతోందో లేదో ఇద్దరికీ తెలుస్తుంది. అందులో తొమ్మిదో ప్రశ్న చావు గురించి. దాన్ని కాగితానికి వదలకుండా నోటితో అడుగుతాను: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. మోస్తున్న మనిషికి బరువు దించుకునే చోటు దొరుకుతుంది. మీ ఇంట్లో ఎవరిమీదైనా అనుమానం ఉంటే మీరూ అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి. మాది సేద్యగాళ్ళ జిల్లా, పురుగుమందు డబ్బా వసారాలోనే ఉంటుంది. ఆ రోజే దాన్ని ఇల్లు దాటించండి, మాత్రలు వేరేవాళ్ళ చేతిలో పెట్టండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రైనా సరే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ. తెలుగులో మాట్లాడతారు.

మీరు చెప్పింది బయటికి పోతుందా? మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ మీ విషయాలు గోప్యంగా ఉంచడాన్ని మీ హక్కుగా చెబుతుంది, 25వ సెక్షన్ మీ రికార్డులు చూసుకునే హక్కు ఇస్తుంది. మినహాయింపులు ఉన్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే చెప్పాల్సినవాళ్ళకు చెబుతాం. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ మినహాయింపులు మొదటి రోజే, మీరు నోరు విప్పకముందే చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

ఎక్కడినుంచి లేచి వచ్చేయాలో కూడా చెబుతాను. ఇరవై సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటే. గ్యారంటీగా నయం చేస్తానంటే. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటే. ఇది విని నా దగ్గరికి వచ్చేసరికి రెండు జీవితాలు పాడైన సందర్భాలు చూశాను. స్వలింగ ఆకర్షణను మారుస్తానంటే. అది జబ్బే కాదు, మార్చడానికి ఏమీ లేదు. మీరు చెప్పింది మీ వాళ్ళకు చేరవేస్తే. వాడుతున్న మందులు ఒక్కసారిగా ఆపేయమంటే. మందు తగ్గించడం రాసిన డాక్టరు పని. గదిలో చేయి వేయడం, బయట కలుద్దామనడం జరిగితే రెండో ఆలోచన వద్దు. ఇవేవీ లేకుండా, మనిషి మంచివారే కానీ మీకు కుదరడం లేదనిపిస్తే వేరే సంగతి. నాలుగైదు సిట్టింగుల తర్వాత "నాకు మార్పు తెలియడం లేదు మేడం" అని ఎదురుగానే చెప్పండి. ఆ మాటను వాళ్ళు ఎలా తీసుకుంటారో చూస్తే మీకు ఉండాలో వెళ్ళాలో తెలిసిపోతుంది. నాకు ఆ మాట చెప్పినవాళ్ళలో కొందరితోనే తర్వాత బాగా పని జరిగింది.

డబ్బు లేదని ఆగకండి. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది, దానికి నమూనా మా పక్కనున్న బళ్ళారిలోనే నడిచింది. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఎక్కడని అడగండి. విశాఖపట్నం చినవాల్తేరులో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. రాయలసీమ వాళ్ళకు నిమ్హాన్స్ దగ్గర, ఓపీలో తెలుగు మాటలు బాగానే వినబడతాయి.

చివరి రెండు సిట్టింగులు నేను నెలకొకటిగా దూరం జరుపుతాను. ఆఖరి రోజు మీ చేతే ఒక కాగితం రాయిస్తాను: ఇది మళ్ళీ మొదలైతే ముందుగా నాకు కనబడే గుర్తు ఏమిటి, అప్పుడు నేను చేసే మొదటి పని ఏమిటి, ఎవరికి చెబుతాను. ఎరువుల దుకాణం ఆయన మొదటి గీతలో రాసుకున్నది: "కుర్చీ తలుపు దగ్గరికి జరిగితే." రెండో గీతలో: "ఆ వారమే పెనుకొండ బస్సు ఎక్కాలి, మాత్ర లేకుండా."